చంకలో పిల్లాణ్ణి పెట్టుకుని ఊరంతా వెతికే కథ

(నవలా రచన నేర్చుకుంటున్నవాళ్ల కోసం మాట్లాడిన దానికి ఇది అక్షర రూపం. మాట్లాడింది మాట్లాడినట్టే ఉంచాను, దగ్గులు మాత్రం తీసేశాను.)

వినపడుతోందా? వెనక వరసలో వాళ్లు ఒకసారి చెయ్యెత్తండి. ఎత్తారు కాబట్టి వినపడుతున్నట్టే.

నాకిచ్చిన టాపిక్ స్నేహం ప్రేమగా మారే సరదా నవల. ఇంగ్లీషు నవలల ప్రపంచంలో దీన్ని ఫ్రెండ్స్ టు లవర్స్ అంటారు, మీలో సగం మందికి తెలిసే ఉంటుంది. పేరు వాళ్లది గానీ, కథని మనవాళ్లు ఎప్పుడో ఒక్క సామెతలో చెప్పేశారు: చంకలో పిల్లాణ్ణి పెట్టుకుని ఊరంతా వెతికినట్టు. ఒకమ్మాయి, ఒకబ్బాయి, పదేళ్ల స్నేహం. ఆ అమ్మాయి తనకి తగినవాడి కోసం ఊరంతా వెతుకుతుంది, వెతికి వెతికి అలిసిపోయి ఆ వెతుకులాట కష్టాలన్నీ వచ్చి ఇతనికే చెప్పుకుంటుంది. ఇతను అన్నీ వింటాడు. పైగా సలహాలిస్తాడు, వెర్రివాడు. (నవ్వులు)

ఇక్కడ మొదటి చిక్కేంటంటే, చివరికి ఏం జరుగుతుందో చదివేవాళ్లకి మొదటి పేజీలోనే తెలిసిపోతుంది. అసలు కవర్ చూస్తేనే తెలుస్తుంది. రంగురంగుల బొమ్మ, ఇద్దరూ చెరో వైపు తిరిగి నిలబడి ఉంటారు, ఒక్కసారి తల తిప్పితే అయిపోతుంది అన్నట్టు. అమెరికాలో 1980లో పెట్టుకున్న రొమాన్స్ రచయితల సంఘం ఒకటుంది. రొమాన్స్ నవల అంటే ఏంటో చెప్పడానికి వాళ్లు రెండే షరతులు పెట్టారు. కథకి నడుమ ప్రేమకథ ఉండాలి, ముగింపు మనసుకి తృప్తిగా, ఆశ పుట్టించేలా ఉండాలి. అంటే ముగింపు మీ చేతుల్లో లేదు, ముందే అమ్ముడుపోయింది. హంతకుడెవరో మొదటి పేజీలో చెప్పేసి, ఇక మిగతా 300 పేజీలు చదివించు చూద్దాం అని డిటెక్టివ్ నవల రాసేవాణ్ణి అడిగితే ఎలా ఉంటుందో, మన పరిస్థితీ అంతే.

అయినా చదువుతున్నారు, చదివిన పుస్తకమే మళ్లీ చదువుతున్నారు, నేనూ చదువుతాను. ఏం జరుగుతుందో తెలిసినప్పుడు ఇక మిగిలే ప్రశ్న ఒక్కటే: ఇన్నాళ్లూ ఎందుకు జరగలేదు? ఇది చాలా పెద్ద ప్రశ్న, దీనికి మీ దగ్గర జవాబు లేకపోతే నవల లేదు. శత్రువులు ప్రేమించుకునే కథలో వాళ్ల గొడవే అడ్డం. కొత్తవాళ్ల కథలో ఒకరికొకరు తెలియకపోవడం అడ్డం. ఇక్కడ అలాంటివేం లేవు. అతను ఎన్ని ఇంటర్వ్యూలు పోగొట్టుకున్నాడో ఆమెకి తెలుసు, ఆమె ఏ సినిమాకి వెక్కి వెక్కి ఏడ్చి బయటికొచ్చాక ఏడవలేదని బుకాయించిందో అతనికి తెలుసు. దాచుకోవడానికి ఏమీ లేనివాళ్ల మధ్య అడ్డం ఏముంటుంది?

ఉన్న ఆ స్నేహమే అడ్డం. అతను నోరు తెరిచి చెప్పాడనుకోండి, ఆమె కాదంది అనుకోండి, ప్రియురాలు రాకపోగా రేపట్నుంచి ఆ స్నేహితురాలు కూడా పోతుంది. ఉన్నదీ పోయె, ఉంచుకున్నదీ పోయె. వేరే కథల్లో ప్రేమించడం వల్ల ఏదో వస్తుందని ఆశ, ఇందులో ఉన్నది పోతుందని భయం. కాబట్టి ఆ పోయేది ఎంత విలువైందో చదివేవాళ్లకి తెలియాలి. చాలామంది దీన్ని ఒక్క వాక్యంలో తేల్చేస్తారు: వాళ్లిద్దరూ చిన్నప్పట్నుంచీ ప్రాణస్నేహితులు. ఇది సమాచారం. రేషన్ కార్డులో వివరాల్లాంటిది. దీన్ని చదివి ఎవరూ భయపడరు.

నాకు ఇదెలా తెలిసింది అంటే, నేనూ అదే చేశాను కాబట్టి. ఈ రకం నవల మొదటిసారి రాసినప్పుడు డ్రాఫ్ట్ పూర్తయ్యాక నా స్నేహితురాలికిచ్చాను. ఆవిడ పని లెక్కలు ఆడిట్ చేయడం, కథల్ని కూడా అదే కళ్లద్దాలతో చూస్తుంది. మూడు రోజులకి ఫోన్ చేసి, "బాగానే ఉంది గానీ, వీళ్లిద్దరూ మూడో పేజీలోనే ప్రేమలో పడిపోయారుగా, మరి 280 పేజీలు ఎందుకు తిరుగుతున్నట్టు?" అంది. నేను ఒప్పుకోలేదు. అదేం లేదు, అప్పటికి వాళ్లు స్నేహితులే అన్నాను. మూడో పేజీ తియ్యి అంది. తీశాను. "అతని నవ్వు చూడగానే ఆమె గుండె ఒక్క క్షణం ఆగి మళ్లీ కొట్టుకుంది" అని రాసి ఉంది. పదేళ్లుగా రోజూ చూస్తున్న నవ్వు! దానికి ప్రతిసారీ గుండె ఆగిపోతుంటే ఆ పిల్ల ఈపాటికి కార్డియాలజిస్టు దగ్గర ఉండాలి. (నవ్వులు)

అంతటితో వదల్లేదు. "ఇద్దరూ పడీ పడీ నవ్వుకున్నారు అని 11 సార్లు రాశావు, దేనికి నవ్వారో ఒక్కసారీ రాయలేదు" అంది. లెక్కపెట్టింది, నిజంగా కూర్చుని లెక్కపెట్టింది. ఆ రోజు ఫోన్ పెట్టేశాక కాసేపు కోపంగా ఉన్నాను గానీ, ఆ తర్వాత ఏ క్లాసులోనూ నాకు దొరకని పాఠం అదే.

నవ్వు గురించి ఇక్కడ కొంచెం ఎక్కువసేపు మాట్లాడతాను, ఈ నవలకి ఇదే ఇంజిన్ కాబట్టి. సరదా నవల అంటే జోకులుండాలి అని అందరూ అనుకుంటారు. ఉండాలి, కానీ ఎవరి జోకులు? స్నేహితుల మధ్య నడిచే జోకులు మూడో మనిషికి జోకుల్లా ఉండవు. మీ ఫ్రెండ్‌కి "నీలం బకెట్" అని మెసేజ్ పెడితే అవతల నవ్వి చచ్చిపోతారు, పక్కనున్నవాళ్లకి మాత్రం మీ ఇద్దరికీ పిచ్చిపట్టినట్టు ఉంటుంది. నవలలో చిక్కు ఏంటంటే ఆ పక్కనున్న మూడో మనిషే మన పాఠకుడు. అందుకని ఆ జోకు పుట్టినప్పుడు పాఠకుణ్ణి అక్కడ కూర్చోబెట్టాలి. పుట్టుక చూశాడంటే 100 పేజీల తర్వాత ఆ మాట మళ్లీ వచ్చినప్పుడు వాళ్లిద్దరితో పాటు తనూ నవ్వుతాడు, అప్పుడు ఆ స్నేహంలో తనకీ వాటా వచ్చినట్టు. అది పోతుందంటే తనకీ టెన్షన్.

నా రెండో డ్రాఫ్ట్‌లో ఏం చేశానో చెప్తాను. పేర్లు కావాలి కాబట్టి స్వాతి, కిరణ్ అనుకుందాం. కిరణ్‌కి ఒక అలవాటు పెట్టాను, వస్తువుల మీద చీటీలు అంటిస్తాడు. స్వాతి తన ఛార్జర్ పట్టుకుపోయి తిరిగివ్వడం లేదని దాని మీద "ఇది నాది, ఆమె ఏం చెప్పినా నమ్మకండి" అని రాసి అంటిస్తాడు. ఆమె హెల్మెట్ మీద "లోపల ఖాళీ" అని అంటిస్తాడు, ఆమె అది చూసుకోకుండా ఆఫీసుకి వెళ్లిపోతుంది. ఇవన్నీ మొదటి ఐదు చాప్టర్లలో అక్కడక్కడా వస్తాయి. పెద్ద జోకులేం కాదు, కావలసిన పని కూడా లేదు.

సగం నవల అయ్యాక స్వాతికి వేరే ఊళ్లో ఉద్యోగం వస్తుంది. సామాను సర్దడానికి కిరణ్ వస్తాడు. అట్టపెట్టెలు, మార్కర్, టేపు. పెట్టె మూసినప్పుడల్లా పైన ఏదో రాస్తాడు. ఒక చిన్న పెట్టె మీద "చదివిన పుస్తకాలు". రెండు పెద్ద పెట్టెల మీద "చదివానని చెప్పుకునే పుస్తకాలు". ఇంకోదాని మీద "ఏడో తరగతి నుంచి దాచుకున్న చెత్త". ఇంకోదాని మీద "నా దగ్గర కొట్టేసినవి". ఆమె ఒక్కొక్కటే పైకి చదువుతూ తిడుతూ ఉంటుంది. సాయంత్రం అయిపోయింది, చివరి పెట్టె. అతను మూసి, రాసి, పక్కకి జరిపాడు. ఆమె వంగి చదివింది. "గాజు సామాను. జాగ్రత్త." అంతే. ఆమె పెట్టె వెనక్కి తిప్పి చూసింది, అటువైపు ఏమైనా రాశాడేమోనని. ఏమీ లేదు.

"ఏంట్రా, దీనికేం లేదా?" అంది.

"టేప్ అయిపోయింది" అన్నాడు.

ఆమె అడిగింది రాత గురించి, అతను చెప్పింది టేపు గురించి. పైగా టేపు అయిపోలేదు. చుట్ట అతని మణికట్టుకే ఉంది, గాజులా. ఆమె దాన్ని చూసింది. అతనూ చూసుకున్నాడు. చాప్టర్ అక్కడితో అయిపోయింది.

మొదటి డ్రాఫ్ట్‌లో ఇదే చోట ఏముందో కూడా చెప్పాలిగా, సిగ్గుపడుతూనే చెప్తాను. వర్షం ఉంది. కరెంటు పోయింది. కొవ్వొత్తి వెలుగులో ఆమె కళ్లు మెరిశాయి. పక్కన మార్జిన్‌లో నా ఆడిటర్ పెన్సిల్‌తో "ఇది ఎవరి నవల?" అని రాసింది.

ఇంతకీ నేను చెప్పేదేంటంటే, ఇలాంటి ఇద్దరు మనుషులు జోకుల్లో దాక్కుంటారు. పదేళ్లుగా దాక్కుని ఉన్నారు, అది వాళ్లకే తెలియదు. చెప్పాల్సిన మాట గొంతు దాకా వచ్చినప్పుడల్లా ఒక జోకు వేసి పక్కకి తప్పుకుంటారు. అందుకని ఈ నవలలో మలుపు ముద్దు దగ్గర రాదు, జోకు రావాల్సిన చోట రాకపోయినప్పుడు వస్తుంది. ముందు 150 పేజీలు నవ్వించారు కాబట్టే ఆ ఒక్క నిశ్శబ్దానికి బలం వస్తుంది. మొదట్నుంచీ గుండెలు ఆగుతూ, కళ్లు మెరుస్తూ ఉంటే అక్కడ మీ దగ్గర ఖర్చు పెట్టడానికి ఏమీ మిగలదు.

దీనికి కొంచెం శాస్త్రం కూడా ఉంది, బోరు కొట్టించకుండా చెప్తాను. మోర్లాండ్, బీచ్ అని ఇద్దరు సైకాలజిస్టులు 1992లో ఒక ప్రయోగం ప్రచురించారు. చూడ్డానికి ఇంచుమించు ఒకేలా ఉన్న నలుగురు అమ్మాయిల్ని తీసుకుని, ఒక కాలేజీ క్లాసుకి ఒకరిని 15 సార్లు, ఒకరిని 10 సార్లు, ఒకరిని 5 సార్లు పంపారు, ఒకరిని అసలు పంపలేదు. వెళ్లినవాళ్లు ఎవరితోనూ మాట్లాడకూడదు, వచ్చి కూర్చుని పోవాలి, అంతే. టర్మ్ చివర క్లాసులో వాళ్లకి ఫోటోలు చూపిస్తే, ఎక్కువసార్లు వచ్చిన అమ్మాయే ఎక్కువ నచ్చింది. పలకరింపు కూడా లేకుండా, ఊరికే కనపడటం! ఇంకా 2021లో కెనడా పరిశోధకులు దాదాపు 1,900 మంది సమాధానాలు కలిపి చూస్తే, అందులో మూడింట రెండు వంతుల మంది ముందు స్నేహితులుగా ఉండి తర్వాత జంటగా మారామని చెప్పారు. కాలేజీ విద్యార్థుల్లో అయితే అంతకుముందు స్నేహం సగటున 22 నెలలకి కాస్త తక్కువ. నాకు నవ్వొచ్చింది ఎక్కడంటే, ప్రేమ ఎలా మొదలవుతుంది అన్నదాని మీద అప్పటిదాకా వచ్చిన పరిశోధనల్లో ఎక్కువ భాగం అపరిచితుల మధ్య పుట్టే ఆకర్షణ మీదే ఉన్నాయని కూడా వాళ్లే తేల్చారు. శాస్త్రవేత్తలు కూడా పిల్లాణ్ణి చంకలో పెట్టుకుని ఊరంతా వెతికారన్నమాట. (నవ్వులు)

మనకి దీనివల్ల ఉపయోగం ఏంటి? మామూలుగా కనిపించడాన్ని రాయడానికి భయపడొద్దు. అతను రావడం, చెప్పులు విప్పడం, అదే కుర్చీలో అదే కాలు పైకి పెట్టుకుని కూర్చోవడం, ఇవి మూడుసార్లు వస్తే నాలుగోసారి ఆ కుర్చీ ఖాళీగా ఉన్నప్పుడు మీరు ఒక్క విశేషణం కూడా వాడక్కర్లేదు.

ఇప్పుడు తెలుగులో రాసేవాళ్లకి ఉన్న ఒక వరం గురించి. ఇంగ్లీషు వాళ్లకి "యూ" ఒక్కటే ఉంది, పాపం. మనకి ఒరేయ్ ఉంది, ఏంటే ఉంది, నువ్వు ఉంది, మీరు ఉంది, కోపమొస్తే "చెప్పు తల్లీ", ఇంకా కోపమొస్తే "చెప్పండి మేడమ్" ఉంది. పదేళ్లుగా "ఏంటే" అన్న మనిషి ఒక రోజు ఫోన్ ఎత్తి "స్వాతీ" అన్నాడనుకోండి. ఎందుకు, ఏమైంది, ఎవరికైనా ఒంట్లో బాలేదా? అని ఆమె కంగారుపడుతుంది. ఏం కాలేదు, అతనికి ఆ పేరు ఒకసారి పూర్తిగా పలకాలనిపించింది, అంతే. అలాగే "ఒరేయ్" అనడం ఆమె మానేస్తుంది, మానేశానని తనకే తెలియదు, మూడో మనిషి పట్టుకుంటాడు: ఏంటి, వాడు రెండ్రోజులుగా "ఒరేయ్" కాకుండా పోయాడు? ఇంత చిన్న మార్పు మీద ఒక చాప్టర్ నడపొచ్చు. కాబట్టి మొదటి పేజీ నుంచీ ఎవరు ఎవర్ని ఏమని పిలుస్తున్నారో ఒక కాగితం మీద రాసి పెట్టుకోండి, 40వ పేజీలో మీ పొరపాటు వల్ల మారిపోతే, 200వ పేజీలో మీరు కావాలని మార్చినా ఎవరూ గమనించరు.

ఇంకోటి, మనం, మేము. ఇదీ ఇంగ్లీషులో లేదు. స్వాతి వేరే అబ్బాయితో మాట్లాడుతోంది, మంచివాడే, అతను "ఆదివారం నాటకానికి వస్తావా?" అని అడిగాడు. ఆమె ఆలోచించకుండా "ఆదివారమా? మేం ఖాళీనే, వస్తాం" అంది. మేం! అతను అడిగింది ఒక్కదాన్నే. ఎవరా మేం? అతను ఇందులో లేడని ఆ ఒక్క మాట చెప్పేసింది, ఆమె మాత్రం తానేమందో తెలియకుండా టైమెంత అని అడుగుతోంది. పాఠకుడికి తెలిసింది, ఆ అబ్బాయికీ తెలిసింది, ఒక్క స్వాతికే తెలియదు. "ఆమె మనసులో కిరణ్ ఉన్నాడు" అని నేను రాసి ఉంటే చప్పగా ఉండేది.

ఆ మంచి అబ్బాయి గురించి ఒక్క మాట. దయచేసి వాణ్ణి దుర్మార్గుణ్ణి చేయకండి. వాడు తాగుబోతైతే, అబద్ధాలకోరైతే, ఆమె కిరణ్‌ని ఎంచుకోవడంలో గొప్పేముంది? వేరే దారి లేక వచ్చినట్టుంటుంది. వాడు బాగుండాలి, ఇంకాస్త బాగుండాలి, అప్పుడే ఎంపికకి అర్థం.

రెండు వందల ఏళ్ల కిందటే ఈ స్నేహం ప్రేమగా మారే కథని బ్రహ్మాండంగా రాసిన మనిషి ఇంగ్లీషు రచయిత్రి జేన్ ఆస్టెన్. "ఎమ్మా" 1815 డిసెంబరులో వచ్చింది. అందులో ఎమ్మాకి ఊళ్లో అందరికీ జోడీలు కుదర్చాలని సరదా, కుదిర్చిన ప్రతిదీ బెడిసికొడుతుంది. నైట్లీ అని కుటుంబ స్నేహితుడు, అక్క మొగుడికి అన్న, ఆమెకంటే 16 ఏళ్లు పెద్ద, తరచూ ఇంటికి వస్తూ ఉంటాడు, తప్పు చేస్తే మొహం మీదే చెప్తాడు. ఒక డాన్సు సందర్భంలో, మనం కలిసి డాన్సు చేయకూడనంత అన్నాచెల్లెళ్లమేం కాదుగా అని ఆమె తేలిగ్గా అంటుంది. అన్నాచెల్లెళ్లమా, కాదు, కానే కాదు అంటాడతను. ఒక్క ముక్క. ఆస్టెన్ దాని మీద ఏ వ్యాఖ్యానమూ చేయకుండా ముందుకి పోతుంది. ఇక ఎమ్మాకి తెలిసేదెప్పుడు? తాను వెంటబెట్టుకు తిప్పిన పిల్లే, నాకు నైట్లీ అంటే ఇష్టం, ఆయనకీ నేనంటే ఇష్టమేమో అని చెప్పినప్పుడు. చంకలోని పిల్లాడు ఇంకొకరి చేతుల్లోకి పోతుంటే అప్పుడు కనపడ్డాడు. అసూయ అనే పనిముట్టు పాతదే గానీ, ఎవరి మీద అసూయ అన్నది చూడండి, తానే పెంచిన స్నేహితురాలి మీద.

ఈ రకం నవలల్లో మళ్లీ మళ్లీ వచ్చే బండగుర్తులు కొన్ని గబగబా చెప్పేస్తాను, వీటి మీద చర్చలు మీకు ఎక్కడైనా దొరుకుతాయి. హోటల్లో ఒకే గది, ఒకే మంచం: స్నేహితుల కథలో ఇది అడ్డం తిరగాలి, ఇదివరకు రైలు బోగీ నేల మీద కాగితాలు పరుచుకుని పక్కపక్కన పడుకున్నవాళ్లే ఈరోజు దిండు ఎటు పెట్టాలో తేల్చుకోలేకపోవాలి. జంటగా నటించడం: నాకిష్టం, ఎందుకంటే నటన అనే సాకుతో నిజం చేసుకోవచ్చు. ఒక చాప్టర్ ఆమె గొంతులో, ఒకటి అతని గొంతులో రాయడం ఇప్పుడు బాగా నడుస్తోంది, కానీ ఇద్దరికీ ఇద్దరూ ఇష్టమేనని పాఠకుడికి ముందే తెలిసిపోతే, "ఒక్క ఫోన్ చేసుకుంటే అయిపోతుందిగా, నా టైమ్ ఎందుకు తింటారు" అని విసుక్కుంటాడు. ఆమె గొంతులోనూ ఆమెకే తెలియకుండా రాయగలిగితేనే ఆ పద్ధతి పెట్టుకోండి.

నవల ముప్పాతిక వంతు అయ్యేసరికి ఒక విడిపోవడం ఉండాలని ఒక రివాజు. సరే, ఉండనివ్వండి. కానీ పదేళ్ల స్నేహితులు ఒక మెసేజ్ తప్పుగా చదివి విడిపోతారా? వాళ్లయితే ఫోన్ చేసి "ఏంట్రా ఇది, మెదడు పని చేస్తోందా?" అని అడుగుతారు. కథ కదలకపోతే అపార్థాన్ని తెచ్చిపెట్టడం ఆడలేక మద్దెల ఓడు అనడమే. వీళ్లకి నిజమైన గొడవ ఎక్కణ్నుంచి వస్తుందంటే, ఎక్కడ కొడితే తగులుతుందో స్నేహితుడికే తెలుసు కదా, అక్కణ్నుంచి. ఎప్పుడో ఒక రాత్రి ఆమె నమ్మి చెప్పుకున్న విషయాన్ని అతను కోపంలో ఎత్తిపొడిచాడనుకోండి. అనగానే ఇద్దరూ ఆగిపోతారు. ఆ గాయానికి పూలగుత్తి సరిపోదు, సరిపోదని పాఠకుడికీ తెలుసు, అందుకే ఆ తర్వాతి 50 పేజీలు వదలకుండా చదువుతాడు.

ఇక అసలు మాట చెప్పడం. పెదవి దాటితే పృథివి దాటుతుంది అంటారు, ఇక్కడ అంత దూరం అక్కర్లేదు, ఎదురుగా ఉన్న మనిషిని చేరితే చాలు, ఇక వెనక్కి రాదు. తెలుగులో ఇక్కడ ఇంకో గండం ఉంది. "నేను నిన్ను ప్రేమిస్తున్నాను" అని మీరు నిజజీవితంలో ఎవరైనా అనగా విన్నారా? డబ్బింగ్ సినిమాలో తప్ప? (నవ్వులు) అక్కడెవరో చెయ్యెత్తారు, మీ అదృష్టం. మామూలుగా మనవాళ్లు "ఐ లవ్ యూ" అంటారు, లేదా "నువ్వంటే ఇష్టం" అంటారు, ఎక్కువమంది అసలేమీ అనరు. పదేళ్ల స్నేహితుడికైతే "నువ్వంటే ఇష్టం" కూడా పనికిరాదు, ఎందుకంటే "నాకూ నువ్వంటే ఇష్టమే, దానికేముంది" అంటుంది అవతల. మాట ఉంది, అర్థం అందడం లేదు. అందుకే వీళ్ల నోట్లో కొత్త మాట పెట్టకండి, వాళ్లిద్దరి మధ్య ఇన్నాళ్లూ తిరిగిన పాత మాటనే ఇంకో అర్థంలో తిరిగి రానివ్వండి. నా నవలలో ఏమైందో చెప్పను, కొనుక్కోండి. చీటీ ఒకటి ఉంటుంది, అంతవరకు చెప్తాను.

ఆస్టెన్ ఇక్కడ ఏం చేసిందో తెలుసా? నైట్లీ చేత చెప్పించింది. ఎమ్మా జవాబు మాత్రం రాయలేదు! ఆమె ఏమంది, అనాల్సిందే అంది, అని దాటేసింది. అన్ని వందల పేజీలు ఆగిన తర్వాత! మొదటిసారి చదివినప్పుడు మోసం చేసిందని తిట్టుకున్నాను. మూడోసారి చదివాక తెలిసింది, ఎమ్మా నోరు మనకి పుస్తకమంతా వినపడుతూనే ఉంది, ఆ ఒక్కచోట ఆమె ఏమంటుందో మనకే తెలుసు.

సరే, ప్రశ్నలు. మైక్ అటు ఇవ్వండి.

(ప్రశ్న: ఆడా మగా స్నేహితులు స్నేహితులుగానే ఉండిపోకూడదా? ప్రతిసారీ ప్రేమే కావాలా?)

ఉండిపోవచ్చు, నిక్షేపంగా. లూయిసా మే ఆల్కాట్ "లిటిల్ ఉమెన్" మొదటి భాగం 1868లో వచ్చినప్పుడు, అందులో నాయిక జో అనే అమ్మాయికి పక్కింటి లారీతో పెళ్లి చేయమని ఆడపిల్లలు ఉత్తరాలు రాశారు. ఎవర్ని మెప్పించడానికీ ఆ పెళ్లి చేయనని ఆవిడ తన డైరీలో రాసుకుంది. మరుసటి ఏడాది రెండో భాగంలో లారీ అడిగాడు, జో కాదంది. ఆ "కాదు" ఇప్పటికీ కొందరికి మింగుడుపడదు. నాకైతే అదీ గొప్ప స్నేహమే. కాకపోతే అది ఈ రకం నవల కాదు, మీరు ఏది రాస్తున్నారో మీకు ముందే తెలియాలి. కవర్ మీద ఇద్దరి బొమ్మ వేసి చివర్లో రాఖీ కట్టిస్తే మాత్రం పాఠకులు ఇంటికొచ్చి కొడతారు.

(ప్రశ్న: నాకు హాస్యం రాయడం రాదండీ. అయినా ఇది రాయొచ్చా?)

మీరు నవ్వించక్కర్లేదు. వాళ్లిద్దరూ ఒకరినొకరు నవ్వించుకుంటే చాలు. చెత్త జోకే రాయండి, అది చెత్తగా ఉందని ఆమె చేత తిట్టించండి, వెంటనే ఆపుకోలేక నవ్వించండి. చెత్త జోకుకి నవ్వే మనిషి ఒకరుండటమే కదా ఇక్కడ కథ. ఇంకా చేతకాకపోతే మీకు బాగా దగ్గరైన మనిషితో మీ చాట్ తీసి, ఒక వారం మెసేజ్‌లు చదవండి. సిగ్గుగా ఉంటుంది, చదవండి.

(ప్రశ్న: మీ ఆడిటర్ ఫ్రెండ్ రెండో డ్రాఫ్ట్ చదివి ఏమన్నారు?)

"పడీ పడీ నవ్వుకున్నారు అన్నది 11 నుంచి రెండుకి తగ్గింది, ఆ రెండూ కూడా తీసెయ్" అంది. ఒకటి తీసేశాను. ఇంకోటి ఉంచాను, ఆవిడకి చెప్పలేదు, మీరూ చెప్పకండి.